తుమ్మలపల్లె మట్టిముద్ద ఆత్మకథ

ఆత్మకథ అన్నాక ఫలానా ఊళ్లో, ఫలానా ఏడాది పుట్టానని మొదలెట్టడం ఆనవాయితీ. ఈ ముద్దకు ఆ సదుపాయం లేదు. ఒకప్పుడు కొండరాయి, ఆ తర్వాత వాగులో బురద, ఆపైన చెరువులో ఒండ్రు. ఇప్పుడు తుమ్మలపల్లె అంగన్‌వాడీలో, అంచు విరిగిన ప్లాస్టిక్ బకెట్లో, తడి గోనెపట్టా కింద కూర్చున్న కిలోన్నర బంకమన్ను. వీటిలో ఏది తానో తేల్చుకోలేక తన సంగతి తానే పరాయివాళ్ల సంగతిలా చెప్పుకుంటుంది. వినేవాళ్లు సర్దుకోవాలి.

కడప జిల్లాలో ఈ పక్క నేలది ఒక్క రంగు కాదు. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు వైపు కుందూ, పెన్నా పరీవాహకంలో నల్లరేగడి. పులివెందుల, వేముల వైపు వస్తే ఎర్రనేలలు, గులకరాళ్లు. నల్లరేగడి తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే చెయ్యి దూరేంత నెర్రెలు విచ్చుతుంది. అందులోని మాంట్‌మోరిల్లోనైట్ అనే ఖనిజం తన రేకుల మధ్యకు నీళ్లను లాక్కుని దాచుకోవడమే దానికి కారణం. పత్తికీ శనగకూ అది వరం, కుండకు మాత్రం శాపం. అందుకే కుమ్మరి పెద్దాయన చెరువు ఒండ్రును తవ్వి, ఎండబెట్టి, చితక్కొట్టి, నానబెట్టి, జల్లెడ పట్టి, సన్న ఇసుక కలిపి కాళ్లతో తొక్కాడు. జల్లెడ సంగతి గుర్తుంచుకోండి, దానితో మళ్లీ పని పడుతుంది.

మట్టిలో బంక అనిపించుకునే రేణువు మిల్లీమీటరులో 500వ వంతు కన్నా చిన్నది. బల్లపరుపు పలక లాంటిది. పలకకూ పలకకూ మధ్య సన్నని నీటిపొర ఉంటుంది గనుక నొక్కితే జారుతుంది, వదిలితే జారినచోటే నిలుస్తుంది. ఈ ముద్దకున్న విద్యంతా ఇంతే. నొక్కిన వేలిని మరిచిపోదు.

ఊరికి పేరు తెచ్చింది మట్టి కాదు, యురేనియం. 2007లో గనికి శంకుస్థాపన, 2012లో ఉత్పత్తి. ఖనిజం ఉన్నది వేంపల్లె పొరలుగా భూగర్భ శాస్త్రవేత్తలు చెప్పే డోలమైట్ రాతిలో. దాదాపు 200 కోట్ల ఏళ్ల కిందట ఇక్కడ లోతులేని సముద్రం ఉండేది. దాని అడుగున సూక్ష్మజీవులు పొర మీద పొర పేర్చుకుంటూ పోయిన గుర్తులు, స్ట్రోమటోలైట్లు, ఆ రాళ్లలో ఇంకా కనిపిస్తాయి. గని వ్యర్థాలు నిలవచేసే చెరువు చుట్టుపక్కల నీళ్ల గురించి, పంటల గురించి రైతులు ఫిర్యాదులు చేశారు. పరీక్షలు జరిగాయి, వాదాలూ నడిచాయి. కాబట్టి పిల్లల చేతికి మట్టి ఇస్తామని టీచరు అనగానే తల్లులు అడిగిన మొదటి మాట, "యాడ మట్టి టీచర్?"

న్యాయమైన ప్రశ్న. వేరే ఊళ్లో అయితే చాదస్తం అనిపించేదేమో గానీ ఇక్కడ కాదు. గని వైపుది కాదనీ, పెద్దాయన వాళ్ల నాయన కాలం నుంచి వంటకుండలకు వాడుతున్న చెరువు మన్నేననీ చెప్పి, తవ్విన చోటు చూపించాకే బకెట్ గడప దాటింది. రెండో ప్రశ్న నులిపురుగుల గురించి. మట్టి తినే పిల్లలు అంగన్‌వాడీకి కొత్త కాదు; ఒంట్లో ఇనుము తక్కువైతే ఆ కోరిక పుట్టొచ్చు. 2015 నుంచి జాతీయ నులిపురుగుల నిర్మూలన దినం పేరుతో ఆల్బెండజోల్ మాత్రలు ఇస్తున్నది కూడా ఆ పురుగుల కోసమే. తినొద్దు, గోళ్లు కత్తిరించుకోవాలి, అయ్యాక సబ్బుతో చేతులు కడగాలి. ఈ మూడూ ఒప్పుకున్నాక బకెట్ మీద పట్టా తీశారు.

పెద్దలకు మట్టి చూడగానే బొమ్మ కావాలి. వినాయకుడు కావాలి, లేకపోతే ఎద్దు. ఎద్దుకైతే ఈ నేలలో పాత హక్కుంది. పాత పాలమూరు జిల్లా ఉట్నూరులో 1957లో బ్రిటిష్ పురావస్తు శాస్త్రవేత్త ఆల్చిన్ బూడిదదిబ్బ తవ్వినప్పుడు, వేల ఏళ్ల కిందటి పశువుల దొడ్డిలో గిట్టల ముద్రలు అలాగే దొరికాయి. దక్కన్ నవీన శిలాయుగపు ఊళ్లలో మూపురం ఎద్దుల మట్టిబొమ్మలూ బయటపడ్డాయి. అలాగని మూడేళ్ల పిల్లకు ఎద్దు చెయ్యమని చెబితే ఆ పిల్ల చేసేది టీచరు చెప్పిన ఎద్దు. తన పని ఇంకా మొదలవ్వలేదన్నమాట.

వదిలేస్తే ఏం చేస్తారో ఈ ముద్దకు తెలుసు. మొదట వేలు గుచ్చుతారు. తీసి, ఆ బొక్కలోకి చూస్తారు. మళ్లీ గుచ్చుతారు. ఒక పిల్ల తాను కూర్చున్న గోనెపట్టా మూల పట్టుకుని ముద్ద మీద అదిమి లాగింది. నార నేత మొత్తం, నిలువు పోగు కిందికి, అడ్డపోగు పైకి, మళ్లీ అడ్డపోగు కిందికి, ముద్ద మీద అచ్చుపడింది. రోజూ కూర్చునే పట్టాలో ఇంత పని ఉందని ఆ పిల్ల అప్పటిదాకా గమనించలేదు. భూతద్దం తెచ్చుకుని ఒకసారి పట్టాను, ఒకసారి ముద్దను చూసింది. "టీచర్, దీంట్లో ఎత్తుండేది దాంట్లో పల్లముంది." తలకిందులు అచ్చు అంటే ఏమిటో అంతకన్నా బాగా ఎవరు చెబుతారు! ఆ పూట చీపురుపుల్ల, వేపాకు, కందిగింజ, చెప్పు అడుగు, చేతిగాజు అన్నీ ముద్ద మీదకొచ్చాయి.

ఈ ముద్దకు సీమలో చుట్టాలున్నారు, సీమదొరల దగ్గరా ఉన్నారు. ఇంగ్లండులో బాత్ దగ్గర విలియం హార్‌బట్ అనే డ్రాయింగ్ మాస్టారు 1897లో ఎండిపోని మట్టి తయారుచేసి ప్లాస్టిసిన్ అన్నాడు. అందులో ఎక్కువ పాలు సుద్ద, మిగతాది వాసెలిన్ జాతి కొవ్వు. అమెరికాలో ప్లే-డో మొదట గోడకాగితాల మసి తుడిచే పిండి. 1956 నాటికి ఆటవస్తువైపోయింది. రంగురంగుల డబ్బాల్లో వచ్చే ఆ చుట్టాలంటే ఈ ముద్దకు అసూయ లేదని చెబితే అబద్ధం. కానీ ప్లాస్టిసిన్ చెయ్యలేని పని ఒకటుంది: ఎండటం, పగలడం, మళ్లీ నీళ్లు తాగి ముద్దవడం.

జెనీవాలో జీన్ పియాజే ఈ జాతి ముద్దతోనే పెద్ద పేరు తెచ్చుకున్నాడు. రెండు సమానమైన ఉండలు చూపించి, ఒకదాన్ని పాములా పొడవుగా చేసి, ఏది ఎక్కువ అని పిల్లల్ని అడిగేవాడు. చిన్నపిల్లల్లో చాలామంది పొడుగుదే ఎక్కువ అనేవారు. బార్బెల్ ఇన్‌హెల్డర్‌తో కలిసి ఆ ఫలితాలను 1941లో పుస్తకంగా వేశాడు. తుమ్మలపల్లెలోనూ అదే జవాబు వచ్చింది. కాకపోతే ఇక్కడి నాలుగేళ్లవాడు జవాబు చెప్పి ఊరుకోలేదు, పామును మళ్లీ ఉండ చేసి పక్కన పెట్టి, కాసేపు కోపంగా చూశాడు. పియాజే పరీక్షలో పిల్లవాడి చేతికి ముద్దను ఇంకాస్తసేపు వదిలి ఉంటే బాగుండేదని ఈ ముద్ద అభిప్రాయం.

అసలు తమాషా మూడు నీళ్లసీసాలది. సగానికి కోసి నీళ్లు పోసిన సీసాలు. ఒకదాంట్లో వారం రోజులు ఎండలో పెట్టిన గట్టి ఉండ, రెండోదాంట్లో అప్పుడే చేసిన తడి ఉండ, మూడోదాంట్లో కుండపెంకు. ఏది కరుగుతుందో ముందే చెప్పమంది టీచరు. మెత్తగా ఉంది గనుక తడిదే కరుగుతుందన్నారు అందరూ, వంటచేసే ఆయమ్మతో సహా. గట్టి ఉండ నీళ్లలో పడగానే బుసబుసమని బుడగలు వదిలింది. అంచులు పొరలుగా రాలాయి, కాసేపటికి సీసా అడుగున కుప్పగా కూలింది. తడి ఉండ మాత్రం చెక్కుచెదరలేదు. ఎండిన మట్టిలోని సన్నని సందుల్లోకి నీళ్లు ఒక్కసారిగా దూరి, లోపలి గాలిని నెట్టడంతో ఉండ విచ్చిపోతుంది. తడిదాంట్లో ఆ సందులు ముందే నిండి ఉన్నాయి. కుండపెంకు సంగతి వేరు. కుండలు కాల్చే ఆవంలో వేడి 500, 600 డిగ్రీలు దాటాక మట్టిరేకుల్లో బిగిసి ఉన్న నీరు కూడా వెళ్లిపోతుంది. అక్కడికి చేరినది ఇక మట్టి కాలేదు.

అంగన్‌వాడీ నేల మీద పరిచినవి కడప బండలు, అంటే సున్నపురాయి. టీచరు ఒక మూల మేకుతో గీకి, ఆ పొడి మీద నిమ్మచెక్క పిండింది. భూతద్దం కింద సన్నని నురుగు. నార నేత చూసిన పిల్ల సాయంత్రం తీసుకెళ్లడానికి వచ్చిన తండ్రిని అక్కడే కూర్చోబెట్టి మళ్లీ చూపించింది. ఆయన గనిలో పనిచేస్తాడు.

"మా రాయి గూడ దీని జాతిదే తల్లీ. ఇంత బిరీన పొంగదు గానీ పిండి చేస్తే పొంగుతాది. దానికి ఆసిడ్ పోస్తే యురేనియం జోలికి పోకముందే ఆసిడంతా రాయే తాగేస్తాది. అందుకే సోడాలో ఉడకబెడ్తారు."

ఉన్నమాటే. జార్ఖండ్‌లోని జాదుగూడలో ఖనిజాన్ని ఆమ్లంతో కరిగిస్తారు. ఇక్కడ రాయి కార్బొనేటు గనుక సోడియం కార్బొనేట్, బైకార్బొనేట్ ద్రావణంలో, నూరు డిగ్రీలు దాటిన వేడిలో, పీడనం కింద కరిగిస్తారు. అంత పెద్ద మిల్లు ఆ పద్ధతి ఎంచుకోవడానికి మూలం నిమ్మచెక్క కింద కనిపించిన ఆ నురుగే.

మరునాటి నుంచి అంగన్‌వాడీలో నిమ్మచెక్క తప్పించుకున్న వస్తువు లేదు. మధ్యాహ్నం గుడ్డు పెంకు బ్రహ్మాండంగా పొంగింది. జిప్సంతో చేసిన చాక్‌పీసు పొంగలేదు. పెచ్చులూడిన గోడ సున్నం పొంగింది, ఇటుక పొంగలేదు. చివరికి ఈ ముద్ద వంతు వచ్చింది. ధీమాగానే ఉంది. జల్లెడ పట్టిన మట్టి, ఇందులో సున్నం ఎక్కడిది? ఒకచోట ఆవగింజంత తెల్లచుక్క దగ్గర నురుగు లేచింది.

కుమ్మరికి ఇంతకన్నా తలవంపు లేదు. ఆ చుక్క ఆవంలో కాలితే పొడిసున్నమవుతుంది. తర్వాత ఎప్పుడో గాల్లో తేమ తాగి ఉబ్బి, అమ్ముడుపోయిన కుండ గోడను లోపల్నించి పెల్లగిస్తుంది. కబురందుకుని పెద్దాయన వచ్చాడు. ముద్దను విరిచి చూశాడు, చుక్కను గోటితో తీశాడు.

"జల్లెడ యాడనో చినిగింది. ఆ నిమ్మచెక్క ఇట్లియ్యమ్మీ, ఇంటికాడ కుప్ప గూడ చూస్తా."

"ఇది మాది తాతా," అంది పిల్ల. "నీకు ఆయమ్మనడిగి ఇంకోటి ఇస్తా."