పైపు అడుగు ఎవరు చూస్తున్నారు?

మా రోజుల్లో పైపు లోపల తుప్పు పట్టిందో లేదో తెలియాలంటే సుత్తెతో కొట్టి వినడమే. గట్టి చోట ఖంగుమనేది, పలచబడ్డ చోట బొంగురుగా పలికేది. అప్పటికీ అనుమానం తీరకపోతే పంపు ఆపి, ముక్క కోసి చూసేవాళ్లం. కాగ్నా నది ఒడ్డు పంపుహౌస్‌లో ఆ పని పెట్టుకున్న నాడు ఫ్యాక్టరీ కాలనీకి నల్లా బంద్. తాండూరు నీళ్ల సంగతి తెలిసిందే కదా, అంతా సున్నపురాతి నేల. పైపు లోపల తెల్లటి చెక్కు పేరుకుంటుంది. ఆ చెక్కు చాటున గుంటలు పడుతుంటాయి. పైన రంగు మాత్రం నిగనిగలాడుతూనే ఉంటుంది.

ఇప్పుడు కోసే పనే లేదు. అరచేతిలో ఇమిడే మీటరు వచ్చింది. జెల్ పూసి ప్రోబు ఆనిస్తే చాలు. ధ్వని ఉక్కులో సెకనుకు దాదాపు 5,900 మీటర్ల వేగంతో పోయి, లోపలి అంచును తాకి తిరిగొస్తుంది. పట్టిన సమయాన్ని బట్టి మందం ఎంతో చెప్పేస్తుంది, నీళ్లు పారుతుండగానే. పైపు చుట్టూ పట్టీ బిగించి ఒక్కచోటి నుంచే అటూ ఇటూ పదుల మీటర్లు వెతికే గైడెడ్ వేవ్ పద్ధతీ ఉంది. అవి మాకు దొరికి ఉంటే ఎంత బాగుండేది!

ఇంత మంచి పనిముట్టును ఇప్పటి పోరలు ఛాతీ ఎత్తులో, రంగు బాగున్న చోట ఆనించి, అంకె రాసుకొని పోతున్నారు. కడుపు మండదా? నీరు, మడ్డి నిలిచేది అడుగున. తుప్పు ముందు తినేసేది అక్కడే. పోనీ కొలిచిన చోట గుర్తయినా పెట్టరు. నిరుడు ఎనిమిది మిల్లీమీటర్లు, ఈ ఏడు ఏడున్నర. అరిగినట్టా, చోటు మారినట్టా? మా మేస్త్రీ లైటు పట్టుకొని పైపు కిందకి దూరేవాడు, సుద్దతో గీత గీసి తేదీ వేసేవాడు.

2014 జూన్ 27 తెల్లవారుజామున అప్పటి తూర్పు గోదావరి జిల్లా నగరం గ్రామంలో గెయిల్ గ్యాస్ పైపు పేలి 20 మందికి పైగా చనిపోయారు. పొడి గ్యాస్ పోవాల్సిన లైన్లో నీరు కలిసిన తడి గ్యాస్ పోయింది. తుప్పు లోపలి నుంచే తినేసింది. ఆ వార్త చదివాక కూడా పైపు పైభాగమే కొలిచేవాళ్లను ఏమనాలి?

మిషన్ భగీరథ వచ్చాక వికారాబాద్, తాండూరుల్లోనూ నేల కింద పైపులు పెరిగాయి. ఉక్కు పైపు ఉన్న ప్రతి వాల్వు గుంతలో, పంపుహౌస్ మలుపుల్లో, అడుగున చెరగని రంగుతో గుర్తు పెట్టండి. ఏటా ఆ గుర్తు మీదే కొలవండి. తలకిందులుగా జెల్ నిలవదంటారా? చిక్కటి గ్రీజు పూయండి, నిలుస్తుంది.