ఆప్షన్లు లేని ప్రశ్న

నేను జర్మన్ నేర్పుతాను. నా దగ్గర చేరేవాళ్లలో ఎక్కువమంది నర్సులు. జీఎన్ఎం, బీఎస్సీ నర్సింగ్ చదివి, ప్రైవేటు ఆసుపత్రుల్లో చాలీచాలని జీతానికి నైట్ డ్యూటీలు చేస్తూ, ఎలాగైనా జర్మనీ వెళ్లాలని కూర్చున్న ఆడపిల్లలు. అక్కడ నర్సుగా గుర్తింపు రావాలంటే సాధారణంగా బీ2 స్థాయి జర్మన్ ఉండాలి. ఏ1 నుంచి సీ2 వరకు ఉన్న ఆరు స్థాయిల్లో అది నాలుగోది. అంత దూరం దగ్గరుండి నడిపించాల్సిన నేను, కొంతకాలం వాళ్లను ఫోన్లకు అప్పజెప్పి ఊరుకున్నాను. పైగా మునుపటికన్నా బాగా చెబుతున్నానని నమ్మాను. నా బుద్ధి ఎంత మందగించిందో తలుచుకుంటే ఇప్పటికీ మనసుకు కష్టంగా ఉంటుంది. ఎందుకంటే ఆ మూల్యం చెల్లించింది నేను కాదు, వాళ్లు.

కరోనా రోజుల్లో క్లాసులన్నీ ఆన్‌లైన్ అయ్యాయి. కెమెరాలు పెడితే నెట్ ఆగిపోతోందంటే ఆపేయమన్నాను. పాఠం అవగానే క్విజ్ పంపేదాన్ని. నాలుగు జవాబులుంటాయి, సరైనదాన్ని నొక్కాలి. ఎవరికెన్ని మార్కులొచ్చాయో, ఎవరు ఎన్ని రోజులు వదలకుండా చేశారో నా స్క్రీన్ మీద ఆకుపచ్చ గీతలుగా కనిపించేది. రాత్రి పడుకోబోయే ముందు ఆ గీతలు చూసుకుని తృప్తిపడేదాన్ని. నెలల తరబడి కొందరి గొంతు కూడా నేను వినలేదు. ఆ సంగతి నాకు తట్టలేదు.

బీ2కి ముందు మెట్టయిన బీ1 పరీక్షలో మాట్లాడే భాగం ఇద్దరిద్దరికి కలిపి పెడతారు. సుమారు పావుగంట. ఇద్దరూ కలిసి ఏదో ఒక పని గురించి మాట్లాడుకుని నిర్ణయించుకోవాలి, తర్వాత ఒక విషయం గురించి చెప్పాలి, దాని మీద ప్రశ్నలు అడగాలి, జవాబివ్వాలి. పరీక్షకు ముందు ఒకమ్మాయితో ఆన్‌లైన్‌లో సాధన చేయించాను. తోటి ఉద్యోగి ఆసుపత్రిలో ఉంది, చూడటానికి వెళ్లాలి, అదీ సందర్భం. ‘ఎప్పుడు వెళ్దాం?’ అని జర్మన్‌లో అడిగాను. అటువైపు మాట లేదు. నెట్ పోయిందేమో అనుకున్నాను. కాసేపటికి తెలుగులో, చిన్న గొంతుతో, ‘మేడమ్, ఆప్షన్లు రావా?’ అంది.

ఆ పిల్ల నిజంగానే అడిగింది. నేను అడిగిన వాక్యం ఆమెకు తెలుసు. నా క్విజ్‌లోనే దానికి సరైన జవాబు పెట్టింది కూడా. నాలుగు జవాబులు కళ్లముందు ఉంటేనే నోరు తెరవగలిగేలా ఆమెను తయారుచేసింది నేనే. పరీక్షలో చదవడం, వినడం, రాయడం గట్టెక్కాయి. మాట్లాడటంలో ప్యాసవడానికి కావాల్సిన 60 మార్కులు రాలేదు. ఆ ఒక్క భాగమే మళ్లీ రాసుకోవచ్చు, నిజమే. కానీ మళ్లీ ఫీజు, మళ్లీ సెలవు, మళ్లీ తేదీ కోసం ఎదురుచూపు. ఇంట్లో అప్పుకి వడ్డీ మాత్రం ఆగదు కదా.

తప్పు ఫోనుది అనను. మరిచిపోవడం ఎలా జరుగుతుందో మనస్తత్వ శాస్త్రవేత్త ఎబ్బింగ్‌హౌస్ 1885లోనే తన మీద తానే ప్రయోగాలు చేసుకుని చూపించాడు. మాట మరుపుకొచ్చే వేళకి మళ్లీ గుర్తుచేస్తే నిలుస్తుంది. లైట్నర్ అనే జర్నలిస్టు అట్టముక్కలనీ పెట్టెలనీ వాడి చేయించిన ఆ పనిని 2006లో వచ్చిన ‘అంకి’ యాప్ మన జేబులోకి తెచ్చింది. ప్రతి నామవాచకానికీ డేర్, డీ, డాస్‌లలో ఏది వస్తుందో గుర్తుపెట్టుకోవాల్సిన జర్మన్‌కి ఇంతకన్నా మంచి సాయం లేదు. ఉమ్లౌట్ ఉన్న అచ్చులను నిదానంగా, ఎన్నిసార్లయినా విసుగు లేకుండా వినిపించడం నావల్ల అయ్యే పని కాదు, ఫోను చేస్తుంది.

కానీ గుర్తుపట్టడం వేరు, సొంతంగా పలకడం వేరు. నా చదువులోనే ఈ పాఠం ఉంది. కెనడాలో ఏళ్ల తరబడి ఫ్రెంచ్‌లోనే చదువుకున్న పిల్లలు విన్నది బాగా అర్థం చేసుకుంటున్నా మాట్లాడటంలో, రాయడంలో వెనకబడ్డారని భాషా పరిశోధకురాలు మెరిల్ స్వెయిన్ 1985లో రాసింది. నోటితో చెప్పాల్సివచ్చినప్పుడే తనకేం రాదో మనిషికి తెలుస్తుందన్నది ఆమె వాదన. పరీక్షలో ఆ సిద్ధాంతం గురించి రాసి మార్కులు తెచ్చుకున్నదాన్ని, సొంత క్లాసులో దాన్ని గాలికొదిలేశాను.

ఇంకొకటి కూడా చెప్పాలి. నేను వాడిన క్విజ్ సాఫ్ట్‌వేర్ ఇంగ్లిషులో ఉందని పాఠాలన్నీ ఇంగ్లిషు మీదుగా తయారుచేశాను. నా విద్యార్థుల్లో సగం మంది తెలుగు మీడియం నుంచి వచ్చినవాళ్లు. ఒక భాష రావడానికి ఇంకో రాని భాష దాటమన్నాను. ‘వైల్’ అని కారణం చెప్పే ఉపవాక్యంలో జర్మన్ క్రియ చివరికి పోతుంది. ఇంగ్లిషు దారిలో వచ్చినవాళ్లకి అది వింత. మనకి అదే అలవాటు, మన క్రియ మామూలుగా చివరే కదా. ఈ మాట తెలుగులో ఒక్కసారి చెబితే ఆ పిల్లల మొహాలు విప్పారతాయి. చెప్పకుండా ఇన్నాళ్లు పోగొట్టాను.

ఇప్పుడు కృత్రిమ మేధతో గొంతుతోనే మాట్లాడవచ్చు. వాడమంటాను, బెరుకు పోతుంది. కాకపోతే అది సగం మాటని కూడా సర్దుకుని అర్థం చేసుకుంటుంది. బవేరియా యాసలో నొప్పి ఎక్కడుందో చెప్పే ముసలావిడ అలా సర్దుకోదు. అందుకే వారంలో ఒక పూట పుస్తకం, స్క్రీన్, క్విజ్ అన్నీ పక్కనపెట్టి ఒక్కొక్కరికి మామూలు ఫోన్ చేస్తున్నాను. రోగి కొడుకునంటాను, వార్డు నుంచి మాట్లాడుతున్నానంటాను. తడబడతారు, ఆగుతారు. ఆగినా నేను అందించను, ఎదురుచూస్తాను.

భాష చెప్పే తోటి టీచర్లకు నా విన్నపం ఒక్కటే. ఈ వారం మార్కుల పట్టిక తెరిచే ముందు, అందులో అందరికన్నా పైనున్న విద్యార్థికి ఫోన్ చేసి ఆ భాషలో ఒక్క ప్రశ్న అడగండి.