జాబ్‌కార్డుకు టీకా తాత్పర్యం

అవతారిక

వ్యాఖ్యానానికి కూర్చున్నప్పుడు మల్లినాథసూరి రెండు ఒట్లు పెట్టుకున్నాడు. ఆధారం లేనిది రాయడు, అక్కరలేనిది చెప్పడు. మొదటి ఒట్టు నాకూ సమ్మతమే. రెండోది పాటిస్తే ఈ టీక నాలుగు వాక్యాల్లో ముగుస్తుంది గనుక దాన్ని వదిలేస్తున్నాను.

వ్యాఖ్యేయ గ్రంథం ఒక కారు సర్వీసు జాబ్‌కార్డు. కర్త సర్వీస్ అడ్వైజరు, లేఖకుడు ప్రింటరు. కారు కింద దూరిన మేస్త్రీ పేరు గ్రంథంలో ఎక్కడా కనపడదు. అడుగున సంతకం మాత్రం కారు సొంతదారుది. డబ్బిచ్చిన కృతిభర్తే తప్పులకూ పూచీ పడే కావ్యం సాహిత్యంలో ఇదొక్కటే. ఏ షెడ్డు అన్నది అప్రస్తుతం.

దేశం: ఆలూరు సీమ. 1953 అక్టోబరు 1న ఆదోని, ఆలూరు తాలూకాలు బళ్లారి జిల్లాను వదిలి ఆంధ్రలో కలిశాయి. ఆ సంగతి బండ్లకు ఎవరూ చెప్పినట్టు లేదు. ఆదోనిలో నయం కాని జబ్బుకు అవి ఇప్పటికీ 167వ జాతీయ రహదారి పట్టుకొని బళ్లారి దిక్కే పోతాయి.

మూలం

«జనరల్ చెకప్ చేయడమైనది. వాషింగు, వాక్యూమింగు, డాష్‌బోర్డు పాలిషింగు, టైరు డ్రెస్సింగు పూర్తి. బ్రేకులు ఓకే. సస్పెన్షన్ ఓకే. శబ్దం: ట్రయల్‌లో వినపడలేదు.»

ప్రతిపదార్థం

జనరల్ చెకప్ = సుగమం.

వాషింగు = కృష్ణమృత్తికాపంకసంకలితచక్రచతుష్టయప్రక్షాళనము. కృష్ణమృత్తిక అనగా మన నల్లరేగడి. వానాకాలం ఆలూరు చుట్టుపక్కల ఏ పల్లెకు పోయి వచ్చినా ఇది మడ్‌గార్డు లోపల పట్టి, ఎండి, రాయవుతుంది. కడిగేవాడు కంటికి కనిపించే మేరకు కడుగును. లోపలిది యథాతథం.

టైరు డ్రెస్సింగు = టైరుకు నల్లటి నిగారింపు. అన్యదేశ్యమని వ్యాకర్తలు ఒప్పుకోరు. బిల్లు ఒప్పుకుంటుంది.

బ్రేకులు ఓకే = స్పష్టం.

సస్పెన్షన్ ఓకే = స్పష్టం.

విశేషం

ముఖ్యమైన చోటనే «స్పష్టం» అని దాటేశాడేమని పాఠకుడు ఆగ్రహించవద్దు. దీనికి గొప్ప వంశమే ఉంది. పదకొండో శతాబ్దంలో ధారానగరపు భోజరాజు యోగసూత్రాలకు రాజమార్తాండమనే వృత్తి రాస్తూ, ఆరంభంలోనే తోటి వ్యాఖ్యాతలను ఉతికాడు. కొరుకుడుపడని చోట అర్థం స్పష్టమే అని తప్పుకుంటారట. తెల్లంగా ఉన్న చోట పనికిరాని సమాసాలతో సాగదీస్తారట. అక్కరలేని మాటలతో వినేవాడిని గందరగోళపరుస్తారట. పైన «వాషింగు»కు నేను రాసినదీ, «బ్రేకుల»కు రాసినదీ మరొకసారి చూడండి. ఆ తర్వాత మీ బిల్లు చూడండి.

భోజుడంటే మనకు కాళిదాసుతో సమస్యాపూరణాలు ఆడిన కథల రాజు. కానీ ఆయన పేర సమరాంగణ సూత్రధారమనే వాస్తుగ్రంథం ఉంది. దాని 31వ అధ్యాయం మొత్తం యంత్రాల మీదే. పాదరసంతో ఎగిరే కొయ్యపక్షి, వాకిట నిలబడే మరబొమ్మ ద్వారపాలకుడు, నీళ్లు చిమ్మే ధారాగృహాలు, తిరిగే ఊయలలు అందులో ఉన్నాయి. ఇంతా చెప్పి, వీటిని బిగించే పద్ధతి మాత్రం చెప్పలేదు. తెలియక కాదు, గుట్టు కోసమే చెప్పలేదని ఆయనే అంటాడు. వ్యాఖ్యాతలు దాటేస్తారని కోప్పడిన రాజు తన వంతు వచ్చేసరికి అచ్చం మేస్త్రీలాగే మాట్లాడాడు! బానెట్టు కింద ఏం చేశావయ్యా అంటే «మీకు తెలీదులే సార్» అనే వాళ్లందరికీ ఆదిగురువు ధారానగరంలో దొరికాడు.

అయితే ఆ అధ్యాయంలోనే మంచి యంత్రానికి ఉండాల్సిన గుణాలు ఏకరువు పెట్టాడు. శబ్దం ఉండకూడదు. శబ్దమే పనైన యంత్రంలో అది గట్టిగా రావాలి. కీళ్లు వదులుగా ఉండకూడదు, బిగుసుకుపోనూకూడదు. తొమ్మిది వందల ఏళ్లు దాటినా చెకప్‌కు ఇంతకన్నా మంచి లిస్టు నేను చూడలేదు. మా కారు హారన్ మూలుగుతుంది. ముందు చక్రం గొంతెత్తి పాడుతుంది.

ప్రకృతం

చక్రం దగ్గరికి వచ్చాం గనుక ఆ «స్పష్టం» విప్పుదాం. ముందు డిస్కుకు బ్రేకు ప్యాడ్లు రెండు, బయట ఒకటి, లోపల ఒకటి. చాలా కార్లలో కాలిపర్ తన పిన్నుల మీద జారుతూ రెండింటినీ సమంగా నొక్కాలి. దుమ్ముకు, తడికి ఆ పిన్నులు బిగుసుకుంటే లోపలి ప్యాడే తొందరగా అరుగుతుంది. చక్రం సందులోంచి టార్చి వేసి చూసేవాడికి కనిపించేది బయటి ప్యాడు. అది బాగుంటుంది, టిక్కు పడుతుంది. లోపల మందమంతా పోయి ఇనుము డిస్కును గీరుతున్నా కాగితం మీద బ్రేకు ఓకేనే. మల్లినాథుడు భారవి కవి వాక్కును కొబ్బరికాయ అన్నాడు, రసం కావాలంటే పగలగొట్టాలి. ఈ షెడ్లలో ఆయుధపూజ నాడు తప్ప ఏదీ పగలగొట్టరు.

బ్రేకు ఆయిలుదీ ఇదే కథ. డబ్బాలో గీత దాకా ఉంటే ఓకే. అది గాలిలోని తేమను పీలుస్తుంది, పీల్చినకొద్దీ తక్కువ వేడికే మరుగుతుంది. అందుకే చాలా కంపెనీలు రెండేళ్లకొకసారి మార్చమంటాయి. గీత చూసేవాడికి తేమ కనపడదు.

సస్పెన్షన్ అంటే భోజుడు చెప్పిన వదులు సంగతి. లోయర్ ఆర్మ్ బుష్షు, బాల్ జాయింటు, లింకు రాడ్డు, వీటి ఆట తెలియాలంటే బండిని లేపి, చక్రం పట్టి ఊపి, రాడ్డు పెట్టి ఎత్తి చూడాలి. అలా చూడకుండానే వీల్ అలైన్‌మెంట్ చేసి డబ్బు తీసుకుంటారు. బుష్షు చిరిగి ఉంటే ఆ అలైన్‌మెంటు మొదటి గుంత దాకా నిలిస్తే గొప్ప.

ప్రమాణ విచారం

«శబ్దం వినపడలేదు» అన్నది మీమాంసకుడు కుమారిల భట్టు మతస్థులు ఒప్పుకునే అనుపలబ్ధి ప్రమాణం. కుండ కనపడలేదు కాబట్టి కుండ లేదు. కానీ వాళ్లు దీనికొక షరతు పెట్టారు: ఉండి ఉంటే కనపడేంత వెలుగు, చూపు ఉండాలి. చీకటి గదిలో కుండ లేదనడం చెల్లదు. మరి మన ట్రయల్ ఎలా జరుగుతుంది? షెడ్డు ముందు నున్నటి తారు రోడ్డు మీద, ఏసీ వేసి, అద్దాలెత్తి, ఫోన్ మాట్లాడుతూ. గతుకుల మీద స్టీరింగు తిప్పినప్పుడు మాత్రమే వచ్చే టకటక అక్కడ ఎలా వినపడుతుంది? గట్టిగా అడిగితే సిద్ధాంతవాక్యం వస్తుంది: «ఏం లేదు సార్, తిరుగుతా ఉంటే అదే సెట్టయితాది.»

ఇనుము ఇనుమును తింటుంటే తిరిగితే సెట్టవుతుందా? పిల్లలను వెనక సీట్లో కూర్చోబెట్టుకొని పోయేవాళ్లకు ఇది హాస్యం కాదు. పాత షెడ్లల్లో మేస్త్రీ స్క్రూడ్రైవరు మొన ఇంజిను మీద, పిడి చెవికి ఆనించి వినేవాడు. ఆయనకు లిస్టు లేదు, చెవి ఉంది.

తాత్పర్యం

కడిగాము. మిగతావి చూడలేదు.

ఫలశ్రుతి

అద్దెకు తిరిగే బండిని సర్కారు మొదటి ఎనిమిదేళ్లు రెండేళ్లకొకసారి, ఆపైన ఏటా ఫిట్‌నెస్‌కు పిలుస్తుంది. సొంత కారుకు రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు. అప్పటిదాకా పొగ తప్ప మరేదీ పరీక్షకు రాదు. అంటే ఆ జాబ్‌కార్డులోని «ఓకే» తప్ప మన బ్రేకులకు వేరే సాక్షి లేడు.

కాబట్టి సంతకానికి ముందు చక్రం విప్పించి రెండు ప్యాడ్లూ చూడండి. మార్చామన్న పాత సామాను అడిగి తెచ్చుకోండి. మేస్త్రీని పక్కన కూర్చోబెట్టుకొని సౌండొచ్చే రోడ్డు మీదికే తీసుకుపోండి. మీ ఫిర్యాదును మీ మాటల్లోనే జాబ్‌కార్డులో రాయించి, నకలు దాచుకోండి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద సేవాలోపానికి రెండేళ్లలోపు జిల్లా కమిషన్‌కు పోవచ్చు. చెల్లించిన మొత్తం 5 లక్షల లోపైతే ఫీజు కూడా లేదు.