కాన్పులో గాయపడ్డ తల్లికి ఈ సలహాలు ఇవ్వకండి

"తల్లీబిడ్డా బతికి బయటపడ్డరు గదా, ఇంకేం గావాలె?" పెన్‌పహాడ్ పల్లెల్లో బాలింతను చూడవచ్చినవాళ్లు ప్రేమతోనే ఈ మాట అంటారు. నొప్పులు పడుతుంటే కొట్టారనో, చెప్పకుండా కోసి కుట్లేశారనో చెప్పబోయిన ఆమె నోరు అక్కడే మూతపడుతుంది. దయచేసి అనకండి. ప్రసూతి గదిలో తల్లిని గౌరవంగా చూడాలని కేంద్రం 2017లో తెచ్చిన 'లక్ష్య' కార్యక్రమమే చెబుతోంది.

"పెద్దాపరేషన్ ఎవరికి కాలేదు?" అన్నదీ అంతే. 2019–21 కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణ కాన్పుల్లో 60.7 శాతం సిజేరియన్లే. ఇంతమందిని కోస్తున్నారు గనకే, నన్నెందుకు కోశారని అడగాలి.

"ఆ కాగితాలు పడెయ్, మర్చిపో" అనకండి. కేసు షీటు అడిగితే 72 గంటల్లో ఇవ్వాలని వైద్య మండలి 2002 నిబంధనల్లో ఉంది.

అన్నిటికన్నా చేటు చేసేది మరొకటి: "పెద్దమనుషుల్ల పెట్టి ఎంతో కొంత ఇప్పిచ్చుకుందాం." దవాఖాన గేటు దగ్గర మగవాళ్లు మాట్లాడుకుంటారు, ఒక అంకె తేలుతుంది, సంతకాలు పడతాయి. గాయపడ్డ మనిషి లోపల మంచం మీదే ఉంటుంది. అది రాజీ, న్యాయం కాదు. గాయాన్ని మాన్పే న్యాయంలో మొదట మాట్లాడేది ఆమె. వైద్యం చేసినవాళ్లు ఎదురుగా కూర్చుని వినాలి, జరిగింది దాచకుండా చెప్పాలి, తప్పయితే ఒప్పుకోవాలి. పరిహారం వద్దని కాదు, అదొక్కటే చాలదు. గర్భసంచి జారడం, మూత్రం ఆగకపోవడం వంటి బాధలకు లోపల వేసిన మెష్ అనే వలతో దెబ్బతిన్న వందలాది మందిని 2019లో న్యూజిలాండ్ ఆరోగ్య శాఖ ఇలాగే కూర్చోబెట్టి విన్నది. మన ఇబ్రహీంపట్నంలో 2022 ఆగస్టులో ఒక్కరోజే 34 మందికి కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు చేస్తే నలుగురు చనిపోయారు. వాళ్ల కుటుంబాలకు 5 లక్షల రూపాయలు, ఇల్లు ప్రకటించారు. బతికిన 30 మందికీ చెప్పుకోవలసింది ఉంటుంది, అదీ వినాలి.

"వినియోగదారుల కమిషన్‌ల కేసెయ్" అనే ముందు ఏ దవాఖానో చూడండి. ప్రైవేటుదైతే రెండేళ్లలోపు వేయవచ్చు. అందరికీ ఉచితంగా చూసే సర్కారు దవాఖాన వినియోగదారుల చట్టం కిందికి రాదని 1995లోనే సుప్రీంకోర్టు చెప్పింది. అప్పుడు జిల్లా వైద్యాధికారికి, ఏడాదిలోపు మానవ హక్కుల కమిషన్‌కు రాయాలి. ఆదాయంతో పని లేకుండా ఏ స్త్రీకైనా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా వకీలును ఇస్తుంది. దరఖాస్తు ఆమె మాటల్లోనే రాయించండి. ఆ కాన్పు గదిలో ఇకపై ఏం మారుస్తారో రాతపూర్వకంగా చెప్పమని అందులో అడగండి.