సారీ చెప్పడం వచ్చా?

హైదరాబాద్‌లో కస్టమర్ కేర్ ఉద్యోగానికి వాకిన్ అంటే చాలావరకు మాదాపూర్ లేదా గచ్చిబౌలి. పదింటికని ప్రకటనలో ఉంటుంది గానీ తొమ్మిదికే గేటు దగ్గర లైను కడతారు. బీకాం, బీటెక్, ఎంబీఏ, బీఫార్మసీ అందరిదీ అదే లైను. చదువుల్లో హెచ్చుతగ్గులు పాటించని చోటు దేశంలో ఉందంటే అది ఫోన్‌లో మాట్లాడే ఈ ‘వాయిస్ ప్రాసెస్’ ఉద్యోగాల లైనే.

మొదట హెచ్చార్ రౌండు. ‘మీ గురించి చెప్పండి’ అన్న ప్రశ్నకు జవాబు అమీర్‌పేట కోచింగ్ సెంటర్లలో హోల్‌సేల్‌గా తయారవుతుంది. అందుకే నరసరావుపేట కుర్రాడూ నల్గొండ అమ్మాయీ అక్షరం తేడా లేకుండా హార్డ్ వర్కర్, క్విక్ లెర్నర్, టీమ్ ప్లేయర్. మీ బలహీనత? పని పూర్తయ్యేదాకా నిద్ర పట్టదు సార్. (ఇచ్చేది నైట్ షిఫ్టు. బలహీనతే అర్హత అన్నమాట.)

తర్వాత ‘జస్ట్ ఎ మినిట్’. ఇచ్చిన అంశం మీద నిమిషంపాటు ఆగకుండా మాట్లాడాలి. ఏం మాట్లాడారన్నది ఎవరికీ పట్టదు, ఆగారా లేదా అన్నదే లెక్క. కొన్ని కంపెనీల్లో వర్సాంట్ అనే పరీక్ష కూడా ఉంటుంది. హెడ్‌ఫోన్‌లో విన్న వాక్యాన్ని తిరిగి చెప్పాలి, విన్న కథను మళ్లీ చెప్పాలి. మార్కులు వేసేది కంప్యూటరు.

ఇక్కడే చాలామంది ‘ఎంటీఐ’ దెబ్బకు ఇంటికెళ్తారు. మాతృభాష ప్రభావమన్నమాట. బస్ అనాల్సిన చోట బస్సు, కప్ అనాల్సిన చోట కప్పు అనడం తెలుగువాడి నేరం. చిత్రమేమిటంటే, టెలిపెర్ఫార్మెన్స్ అనే ఫ్రెంచి కంపెనీ తన భారతీయ ఉద్యోగుల యాసను కాల్ నడుస్తుండగానే సవరించే సానస్ సాఫ్ట్‌వేర్‌ను వాడుతోందని 2025లో బయటికొచ్చింది. అంటే ఆ చివరి ఉకారాన్ని యంత్రమే కత్తిరించేస్తుంది. అయినా ఇంటర్వ్యూలో మాత్రం నాలుకనే చూస్తారు.

అసలు తమాషా ఆపరేషన్స్ రౌండులో. ఎదురుగా కూర్చున్న మేనేజరు కస్టమర్ అవతారమెత్తి, ‘మూడుసార్లు ఫోన్ చేశాను, పార్శిల్ రాలేదు’ అని అరుస్తాడు. నాన్న కిరాణా కొట్లో పెరిగిన కుర్రాడు వెంటనే, ‘ఆర్డర్ నంబరు చెప్పండి సార్, డెలివరీ అతనితో ఇప్పుడే మాట్లాడతా, సాయంత్రానికి మీ ఇంట్లో ఉంటుంది’ అంటాడు. ఫెయిల్! ముందు సారీ చెప్పాలి. ‘మీ ఇబ్బందిని పూర్తిగా అర్థం చేసుకోగలను’ అనాలి. అనుమతి అడిగి హోల్డులో పెట్టాలి. 48 గంటల గడువు అడగాలి. చివర్లో ‘ఇంకేమైనా సాయం కావాలా?’ అనాలి, మొదటి సాయం చేసేసినట్టు. ఇదంతా సగటు కాల్ సమయం దాటకుండా ముగించాలి.

ఈ లెక్కన ఎయిర్ కెనడా చాట్‌బాట్ ఆ రౌండులోనే పోయేది. ఆత్మీయులు చనిపోయినప్పుడు ఇచ్చే టికెట్ రాయితీని ప్రయాణం తర్వాత కూడా అడగొచ్చని అది ఓ ప్రయాణికుడికి చెప్పేసింది. కంపెనీ నిబంధన అది కాదు. బాట్ చెప్పిన దానికి బాటే బాధ్యత వహించాలన్నట్టు విమానసంస్థ వాదించింది. బ్రిటిష్ కొలంబియా ట్రైబ్యునల్ ఒప్పుకోక 2024 ఫిబ్రవరిలో డబ్బు కట్టించింది. స్వీడన్‌కు చెందిన క్లార్నా అదే నెలలో తన ఏఐ 700 మంది ఏజెంట్ల పని చేస్తోందని చాటుకుంది. మరుసటి ఏడాదికల్లా కస్టమర్ కేర్‌కు మళ్లీ మనుషుల్ని తీసుకుంటామంది.

కాబట్టి గచ్చిబౌలి లైను ఇప్పట్లో తరగదు. అయ్యా, పాఠకులారా! కాల్ అయ్యాక మార్కులు వేయమని మెసేజ్ వస్తే కంపెనీ మీది కోపాన్ని అక్కడ ‘ఒకటి’ వేసి తీర్చుకోకండి. చాలాచోట్ల ఆ ‘ఒకటి’ పడేది కంపెనీ ఖాతాలో కాదు, ఫోనెత్తిన పిల్లవాడి ఇన్సెంటివ్ మీద.