బోర్డు మార్చబడినది, గమనించగలరు

ఎంసెట్ పేరు ఈఏపీసెట్‌గా మారింది గానీ కౌన్సెలింగ్ కాలంలో మన ఇంటికొచ్చే మనిషి మాత్రం మారలేదు. చంకలో బ్యాగు, మెడలో ట్యాగు, నోట్లో ‘ఒక్క రెండు నిమిషాలు సార్’. ఆయన కాలేజీ పీఆర్వో. మనవాడి ర్యాంకు మనకన్నా ముందు ఆయనకు తెలుస్తుంది. ఫోన్ నంబరు, తండ్రి ఉద్యోగం, ఊళ్లో ఉన్న పొలం కూడా తెలుస్తాయి. డేటా సైన్స్ మన దగ్గర నిజంగా పనిచేస్తున్న చోటు ఇదొక్కటే.

ఆయన బ్రోషర్‌లో ఒకప్పుడు సివిల్, మెకానికల్, ట్రిపుల్‌ఈ, ఈసీఈ, సీఎస్‌ఈ అని ఐదు పేర్లుండేవి. ఇప్పుడు సీఎస్‌ఈ ఒక్కటే దశావతారాలెత్తింది. సీఎస్‌ఈ ఏఐ అండ్ ఎంఎల్, సీఎస్‌ఈ డేటా సైన్స్, సీఎస్‌ఈ సైబర్ సెక్యూరిటీ, సీఎస్‌ఈ ఐఓటీ, ఇంకా పాలక మండలికి తోచినవి. ఈ సీజన్‌లో ఏ ఇంటి కిటికీకి చెవి పెట్టినా వినిపించే సంభాషణ ఇది:

“బాబూ, మామూలు సీఎస్‌ఈకీ ఈ ఏఐ సీఎస్‌ఈకీ తేడా ఏమిటి?”

“మేనేజ్‌మెంట్ కోటాలో అయితే లక్షన్నర సార్.”

“అది కాదయ్యా, చదువులో.”

“ఓ, చదువులోనా! అది జాయినయ్యాక ఓరియెంటేషన్‌లో చెప్తారు సార్.”

“పాఠాలు ఎవరు చెప్తారు?”

“సీనియర్ ఫ్యాకల్టీ సార్. ఇరవై ఏళ్ల ఎక్స్‌పీరియన్స్.”

“ఏఐలోనా?”

“బాయిలర్లలో సార్. పోయిన నెలే వారం రోజుల ఎఫ్‌డీపీ చేశారు.”

ఎఫ్‌డీపీ అంటే ఫ్యాకల్టీ డెవలప్‌మెంట్ ప్రోగ్రామ్. సోమవారం పొద్దున థర్మోడైనమిక్స్ మాస్టారు ల్యాప్‌టాప్ ముందు కూర్చుంటే శనివారం సాయంత్రానికి డీప్ లెర్నింగ్ ప్రొఫెసరై లేస్తారు. పాపం, ఆయన్ని అనడానికి నాకు నోరు రాదు. బ్రాంచీ ఎత్తేస్తాం, ఇది చెప్తావా ఇంటికెళ్తావా అంటే ఎవరైనా ఏం చేస్తారు? ఇదివరకు ఒక బ్రాంచీలో 240 సీట్లు దాటకూడదని ఏఐసీటీఈ నియమం ఉండేది. 2024-25 నుంచి బాగా నడుస్తున్న కాలేజీలకు ఆ హద్దు తీసేసింది. నడక సంగతి దేవుడెరుగు, పరుగు మొదలైంది. సివిల్, మెకానికల్ సీట్లు కోసి సీఎస్‌ఈలో కలిపేసుకుంటున్నారు. రేపు వంతెనలెవరు కడతారని అడక్కండి, ప్రాంప్ట్ కొడితే అవే లేస్తాయి.

ఈ బోర్డు మార్చే విద్యకు మూలపీఠం అమీర్‌పేట. మైత్రీవనం దగ్గర నిలబడి తలెత్తి చూస్తే చాలు, ముప్పై ఏళ్ల సాంకేతిక చరిత్ర ఫ్లెక్సీల మీదే ఉంటుంది. తొంభైల చివర వైటూకే గండం పేరు చెప్పి కోబాల్, మెయిన్‌ఫ్రేమ్స్ నేర్పారు. 2000 జనవరి 1 తెల్లవారింది. కంప్యూటర్లు చావలేదు గానీ బోర్డులు చచ్చి మళ్లీ పుట్టాయి. జావా, డాట్‌నెట్, ఒరాకిల్. ఆ పైన శాప్, టెస్టింగ్ టూల్స్, హడూప్, డెవ్‌ఆప్స్, ఫుల్‌స్టాక్. ఇప్పుడు జెన్ ఏఐ, ప్రాంప్ట్ ఇంజనీరింగ్, ఏజెంటిక్ ఏఐ. ఇన్ని విప్లవాల్లో నూటికి నూరు శాతం ప్లేస్‌మెంట్ దక్కింది ఫ్లెక్సీలు వేసేవాడొక్కడికే.

అయినా అమీర్‌పేటను తక్కువ చేయడానికి మనసొప్పదు. అక్కడ కోర్సుకి ముందు ఫ్రీ డెమో ఉంటుంది. నచ్చితే డబ్బు కడతారు, లేకపోతే ఎదురు బిల్డింగ్‌లో ఇంకో డెమోకి వెళ్తారు. చెప్పేవాడికి సబ్జెక్టు రాకపోతే రెండో బ్యాచ్ నిండదు. నాలుగేళ్ల ఫీజు లాక్కుని, ఒరిజినల్ సర్టిఫికెట్లు బీరువాలో పెట్టి తాళమేసి, అటెండెన్స్ తగ్గిందని కండోనేషన్ ఫీజు కూడా పిండే చోట డెమో ఎందుకుంటుంది?

బోర్డు మారిస్తే సరుకు మారినట్టేనని నమ్మేది మనమే అనుకుంటే పొరపాటు. అమెరికాలో లాంగ్ ఐలండ్ ఐస్‌డ్ టీ అనే శీతల పానీయాల కంపెనీ ఉండేది. బిట్‌కాయిన్ వెర్రి పట్టపగ్గాల్లేకుండా ఉన్న 2017 డిసెంబర్‌లో అది తన పేరు లాంగ్ బ్లాక్‌చైన్ అని మార్చుకుంది. టీ అదే, చక్కెర అదే. షేరు ధర మాత్రం ఒక్కరోజులో దాదాపు మూడింతలైంది. మరుసటి ఏడాది నాస్‌డాక్ దాన్ని బయటికి పంపింది, 2021లో అక్కడి నియంత్రణ సంస్థ రిజిస్ట్రేషనే రద్దు చేసింది. మన కాలనీల్లోనూ అదే టీ. నిన్నటి కాన్వెంటు టెక్నో స్కూలైంది, ఈ-టెక్నో అయింది, ఒలింపియాడ్ అయింది, ఇప్పుడు ఏఐ పవర్డ్ అయింది. ఆటస్థలం లేని బడిలో రోబోటిక్స్ ల్యాబ్, బాత్రూముకి గొళ్లెం లేని బడిలో ఫేస్ రికగ్నిషన్ హాజరు.

బైజూస్ కథ అందరికీ తెలిసిందే, కానీ దానిలో రెండు ముచ్చట్లు మళ్లీ చెప్పుకోవాల్సిందే. 2020 ఆగస్టులో ఆ కంపెనీ 30 కోట్ల డాలర్లు పోసి వైట్‌హ్యాట్ జూనియర్‌ను కొంది. చంటి పిల్లలకు కోడింగ్ నేర్పే సంస్థ అది. దాని ప్రకటనల్లో వూల్ఫ్ గుప్తా అని ఒక పిల్లాడుండేవాడు. కోడింగ్ నేర్చి గూగుల్‌లో కోట్ల జీతానికి ఉద్యోగం కొట్టాడట. ఒక ప్రకటనలో ఒక వయసు, ఇంకో దానిలో ఇంకో వయసు, జీతమూ అంతే. తీరా చూస్తే అలాంటి పిల్లాడే లేడు. ప్రకటనల మండలి అడిగాక కొన్నిటిని వెనక్కి తీసుకున్నారు. పుట్టని పిల్లాడికి కోట్ల ప్యాకేజీ ఇప్పించారంటే ఆ కంపెనీ ప్లేస్‌మెంట్ సెల్‌కి దండం పెట్టాలి. పుట్టిన పిల్లలకే మనవాళ్లు ఇప్పించలేకపోతున్నారు.

రెండో ముచ్చట. 2022లో బైజూస్ విలువ 2,200 కోట్ల డాలర్లని లెక్కలు కట్టారు. ఆ డిసెంబర్‌లోనే ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఎనిమిదో తరగతి పిల్లలకూ, టీచర్లకూ బైజూస్ పాఠాలు నింపిన ట్యాబ్‌లు ఐదు లక్షలకు పైగా పంచడం మొదలుపెట్టింది. ఏడాదిన్నర తిరిగేసరికి, 2024 జులైలో, ఆ కంపెనీ దివాలా ప్రక్రియలో పడింది. కోర్టుకెక్కింది ఎవరు? మోసపోయామన్న తల్లిదండ్రులా, జీతాలందని ఉద్యోగులా? కాదు, క్రికెట్ బోర్డు. టీమిండియా జెర్సీ మీద పేరు వేయించుకున్నందుకు రావాల్సిన 158 కోట్ల పైచిలుకు కోసం. పాఠాల బాకీ కాదు, చొక్కా బాకీ. ఆ అక్టోబర్‌లో కంపెనీ విలువ ఇప్పుడు సున్నా అని వ్యవస్థాపకుడే చెప్పారు. సున్నాను కనిపెట్టిన దేశంలో గణితం ఇంత లోతుగా నేర్పిన యాప్ మరొకటి లేదు.

ఇంతకీ కొత్త టెక్నాలజీ నిజంగా తలకిందులు చేసిన వ్యాపారం ఒకటుంది. దాని మీద ఏ హైటెక్స్‌లోనూ సదస్సు జరగలేదు, ఏ మంత్రీ సంతాపం తెలపలేదు. ఫైనలియర్ ప్రాజెక్టులు అమ్మే దుకాణాలు! అమీర్‌పేట, దిల్‌సుఖ్‌నగర్ మేడలమీద ‘ఐఈఈఈ ప్రాజెక్ట్స్’ అని బోర్డులుండేవి. కోడు, డాక్యుమెంటేషన్, పీపీటీ, వైవాలో అడిగే ప్రశ్నలు, వాటికి జవాబులు, అన్నీ కలిపి ఒకే రేటు. గుమ్మం తొక్కని లైబ్రరీ కోసం తరతరాల విద్యార్థులు లైబ్రరీ మేనేజ్‌మెంట్ సిస్టమ్ సమర్పించారు. 2022 నవంబర్ 30న చాట్‌జీపీటీ వచ్చింది. దుకాణాల్లో ఈగలు తోలుకుంటున్నారు. అమెరికాలో హోంవర్కు జవాబులు అమ్ముకునే చెగ్ కంపెనీకీ ఇదే గతి. చాట్‌జీపీటీ వల్ల మా గిరాకీ తగ్గిందని 2023 మేలో ఒప్పుకోగానే దాని షేరు ఒక్కరోజులో దాదాపు సగానికి పడింది.

మన దుకాణదారు ఎంత ధర్మాత్ముడో ఇప్పుడు తెలుస్తోంది. వైవాకి ముందు రోజు పిలిచి, ఏ బటన్ నొక్కితే ఏమొస్తుందో నేర్పి పంపేవాడు. ఆ దుకాణానికి వెళ్లాలంటే నలుగురు కలిసి చందాలేసుకోవాలి, సిటీ బస్సు పట్టుకోవాలి, బేరమాడాలి. నాలుగేళ్ల బీటెక్‌లో మనవాళ్లు చేసిన ఏకైక టీమ్ వర్క్ అదే. ఇప్పుడు అదీ పోయింది. మాస్టారు అసైన్‌మెంట్ ప్రశ్నలు చాట్‌జీపీటీతో రాయిస్తారు, కుర్రాడు జవాబులు దానితోనే రాయిస్తాడు, దిద్దడానికి మాస్టారు మళ్లీ దానికే ఇస్తారు. తన ప్రశ్నకు తానే జవాబు రాసి, తానే దిద్దుకునే విద్యార్థికి డిస్టింక్షన్ రాకుండా ఎలా ఉంటుంది? ఆ పైన రెజ్యూమె ఏఐ రాస్తుంది, కంపెనీలో ఇంకో ఏఐ దాన్ని వడపోసి చెత్తబుట్టలో వేస్తుంది. మొత్తం వ్యవహారంలో మనిషితో పని ఒక్క చోటే, సెమిస్టర్ ఫీజు కట్టేటప్పుడు.

ఇది కుర్రాళ్లకే పరిమితమని పెద్దలు నిట్టూర్చనక్కర్లేదు. ఆస్ట్రేలియా ప్రభుత్వానికి డెలాయిట్ సంస్థ ఒక నివేదిక రాసిచ్చింది. ఒప్పందం దాదాపు 4,40,000 ఆస్ట్రేలియా డాలర్లు. తెరిచి చూస్తే లోకంలో లేని పరిశోధనలకు రిఫరెన్సులున్నాయి. రాతలో ఏఐ సాయం తీసుకున్నట్టు తేలింది. 2025 అక్టోబర్‌లో కొంత డబ్బు తిరిగిస్తామన్నారు. మనవాడు ఇలా చేస్తే కాపీ కొట్టాడని బయట నిలబెడతారు. స్వీడన్ కంపెనీ క్లార్నా మా ఏఐ 700 మంది కస్టమర్ కేర్ ఉద్యోగుల పని చేస్తోందని 2024లో చాటింపు వేసి, మరుసటి ఏడాది మళ్లీ మనుషుల్ని వెతుక్కుంది. టీసీఎస్ 2025 జులైలో 12,000 మందికి పైగా ఉద్యోగులను తగ్గించుకుంటామని ప్రకటించి, ఇది ఏఐ వల్ల కాదు, నైపుణ్యాలు సరిపోకపోవడం వల్ల అంది. అంటే వారం రోజుల ఎఫ్‌డీపీ వాళ్లదాకా వెళ్లలేదన్నమాట.

ఇన్ని విప్లవాలూ కదపలేని శిల ఒకటుంది, పెద్ద ఐటీ కంపెనీల్లో ఫ్రెషర్ జీతం. పదేళ్లకు పైగా ఏడాదికి మూడు, మూడున్నర లక్షల దగ్గరే కూర్చుంది. హడూప్ వచ్చి వెళ్లింది, బ్లాక్‌చైన్ వచ్చి వెళ్లింది, ఏఐ వచ్చి తిష్ఠ వేసింది. అది మాత్రం కునుకు తీస్తూనే ఉంది. కాలేజీ ఫీజుకి ఆ జబ్బు లేదు, ఎప్పటికప్పుడు అప్‌డేట్ అవుతోంది.

ఫ్లెక్సీవాళ్లకు శుభవార్త, తర్వాతి బోర్డు వచ్చేసింది. కేంద్రం 2023లో 6,000 కోట్లకు పైగా ఖర్చుతో జాతీయ క్వాంటం మిషన్‌కు ఆమోదం తెలిపింది. అమరావతిలో క్వాంటం వ్యాలీకి ఐబీఎం, టీసీఎస్, ఎల్ అండ్ టీలతో ఆంధ్రప్రదేశ్ 2025లో ఒప్పందం చేసుకుంది. క్వాంటంలో మైనర్ డిగ్రీకి ఏఐసీటీఈ సిలబస్ కూడా ఇచ్చింది. మన యాజమాన్యాలకు ఈ సబ్జెక్టు కొత్తేం కాదు. క్వాంటం లోకంలో ఒక కణం కొలిచి చూసేదాకా ఒకేసారి రెండు స్థితుల్లో ఉండగలదంటారు. మన కాలేజీల ‘వంద శాతం ప్లేస్‌మెంట్లు’ ఎన్నో ఏళ్లుగా అలాగే ఉన్నాయి. లెక్క అడగనంతవరకూ ఉద్యోగం వచ్చినట్టూ, రానట్టూ. డొనేషన్‌కు మాత్రం రెండు స్థితులు కుదరవు. నగదు ఒక్కటే.