జబ్బుకు ముహూర్తం

మిరప కోతకు కోసిగి, ఆదోని వైపు నుంచి గుంటూరు, ప్రకాశం చేలకు దిగే అక్కలకూ అన్నలకూ కొన్ని సలహాలు. సర్కారు వైద్యం ఉచితమే గానీ, అది అందుకోవాలంటే కాస్త ప్లానింగ్ కావాలి.

మొదటిది: వస్తే పెద్ద జబ్బే రావాలి. 2007 ఏప్రిల్ 1న పుట్టిన నాటి నుంచీ ఆరోగ్యశ్రీకి ఆపరేషన్లన్నా, ఆస్పత్రి మంచమన్నా ప్రీతి. 2023 డిసెంబర్‌లో పరిమితి ఏకంగా 25 లక్షలకు పెరిగింది. కాబట్టి గుండెకు కోత పడాలంటే కార్డు తీయండి. కల్లంలో మిర్చి కోరుకు పట్టిన దగ్గుకైతే బైకు మీదొచ్చే ఆర్‌ఎంపీ గారే దిక్కు. పీహెచ్‌సీలో బిళ్లలు ఊరికే ఇస్తారు, నిజమే. ఓపీ నడిచేటప్పుడు మీరు చేలో ఉంటారు, మీరు చేలోంచి వచ్చేసరికి ఓపీ అయిపోతుంది. ఊరికే వచ్చే బిళ్లకు ఒక రోజు కూలి ఖరీదన్నమాట.

రెండోది: జబ్బు పడితే సొంతూళ్లోనే పడండి. 2023 ఏప్రిల్ 6న చిలకలూరిపేట దగ్గర లింగంగుంట్లలో ఫ్యామిలీ డాక్టర్ పథకం ఆర్భాటంగా మొదలైంది. నెలకు రెండుసార్లు 104 బండితో డాక్టరు ఊరికే వస్తారన్నారు. ఆయన మీ ఊరొచ్చిన రోజున ఫ్యామిలీ గుంటూరు మిరప తోటలో ఉంటుంది. ఫ్యామిలీకి కాళ్లుంటాయని పథకం రాసినవారికి తట్టలేదు.

మూడోది, ముఖ్యమైనది: ముహూర్తం. 2025లో ఏప్రిల్ మొదట్లోనూ, మళ్లీ అక్టోబర్ 10 తర్వాతా గుండెపోటు తెచ్చుకున్నవారు పంచాంగం చూసుకోలేదు. సర్కారు బకాయిలు తీర్చలేదని ఆరోగ్యశ్రీ నెట్‌వర్క్ ఆస్పత్రులు సేవలు ఆపేసిన రోజులవి. అక్టోబర్‌లో వారు చెప్పిన లెక్క దాదాపు 2,700 కోట్లు. మిర్చి యార్డులో టిక్కీలు దించేసి చీటీ పట్టుకుని తిరిగే రైతులా అయింది ఆస్పత్రుల పని. ఆ పాపం మీ హయాందంటే మీ హయాందని ఏలేవారూ, ఏలినవారూ వాదించుకున్నారు. రోగి హయాం ఎప్పుడో ఎవరూ చెప్పలేదు.

పేరు విషయంలో మాత్రం పైసా బకాయి లేదు. రాజీవ్, ఎన్టీఆర్, వైఎస్సార్, మళ్లీ ఎన్టీఆర్. ఒక్క పథకానికి నాలుగు నామకరణాలు సకాలంలో జరిగాయి. 2025 సెప్టెంబర్‌లో మంత్రివర్గం కొత్త ఏర్పాటుకు ఒప్పుకుంది: రెండున్నర లక్షల దాకా బీమా కంపెనీ, ఆపైన ట్రస్టు. ఇక బిల్లు కోసం తిరగడానికి రెండు గుమ్మాలు.

ఏలేవారికి మనవి. కోతల కాలంలో పీహెచ్‌సీల్లో సాయంత్రం ఓపీ పెట్టండి. 104 బండిని కూలీలు గుడిసెలేసుకున్న చోటికి పంపండి. ఆస్పత్రి బిల్లుకు గడువు పెట్టి, దాటితే వడ్డీ కట్టండి. ఆ తర్వాత పథకానికి మీకు నచ్చిన పేరు పెట్టుకోండి, మాకేం అభ్యంతరం లేదు.